కుడివైపు గొట్టం

ఈ బరువు నాతో ఉండి ఇరవై ఏళ్లు దాటింది. దించుకునే చోటు దొరకలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ చోటు ఎప్పుడూ నా కిందనే ఉంది. నేను మేడ మీద, తమ్ముడివాళ్లు కింది వాటాలో. మెట్లు దిగితే చాలు. దిగాను, రోజూ దిగాను. చెప్పకుండానే మళ్లీ ఎక్కాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది.

డైరీ రాసే అలవాటు వల్ల, ఏ సంగతికైనా ముందు తేదీ, తర్వాత ఉన్నవాళ్ల పేర్లు పెట్టనిదే నా కలం కదలదు. అలాగే మొదలుపెడతాను. పేర్లు మాత్రం మార్చాను.

2001 ఆగస్టు, ఆదివారం. బోయిగూడలో మా ఇంటి ముందు. ఉన్నవాళ్లు: నేను, నా తమ్ముడు ప్రసాదు, వాడి భార్య సరళ, ఇంటి యజమాని నర్సింహులు.

కారు సరళది. వాళ్ల నాన్నగారు మిలటరీవాళ్లకు గుడారాలు సరఫరా చేసిన కాంట్రాక్టరు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర ఆయన ఆ కారు కొన్నారు. రెండే సీట్లు. నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ పైకప్పు. అప్పటికే అది ముసలిది. కూతురికి అందులోనే డ్రైవింగు నేర్పారు. పోయే ముందు తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చేసుకుంటూ, స్కూటరే గొప్ప అనుకునే మా ఇంటికి అది ఒక వింత. వీధిలో పిల్లలు దాన్ని సినిమా కారు అనేవారు.

ఆ రోజుల్లో మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. సరళ కంప్యూటరు నేర్చుకుని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం తెచ్చుకుంది. సోమవారం చేరాలి. ప్రసాదు ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. చీకటి పడ్డాక షేర్ ఆటోల్లో రాకూడదు, సొంత కారులోనే వెళ్లి రావాలి. ఆమె సరేనంది. ఆమెకు కావలసిందీ అదే.

ఇబ్బందల్లా నీళ్లు. వాన పడితే సీట్ల వెనక మడుగు కట్టేది. పైకప్పు మీద నుంచి జారిన నీరు సీట్ల వెనకున్న సన్నటి తూములోకి దిగాలి, దాని రెండు మూలల్లోని గొట్టాల గుండా కారు కిందికి పోవాలి. ఇంటి ముందున్న వేపచెట్టు ఆకులు, పళ్లు పడి ఆ గొట్టాలు పూడిపోయాయి. నేను రైల్వే వర్క్‌షాపులో పెట్టెల మరమ్మతు విభాగంలో పనిచేసి అప్పటికి ఏడాది క్రితమే రిటైరయ్యాను. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. రైలు పెట్టెల్లో చుక్క కారకుండా చూసినవాణ్ని, ఈ బొమ్మ కారు నాకొక లెక్కా, అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పొద్దున్నే కూర్చున్నాను. ముందు అద్దం కింది జాలీలో చెత్త తీశాను. తలుపుల అడుగున ఉన్న చిల్లులు పుల్లతో శుభ్రం చేశాను. తలుపు అంచుల రబ్బరు ఎండి పగిలినచోట కొత్తది అతికించాను. ఒక్కొక్క చోటా మగ్గుతో నీళ్లు పోసి, ఎటు పోతున్నాయో చూసి, తర్వాతే ముందుకు కదిలాను. నర్సింహులు అరుగు మీద కూర్చుని నన్ను ఆటపట్టిస్తున్నాడు.

"ఏందన్నా, గిది కారా, మీ రైలు డబ్బానా? పొద్దుగాల షురూ చేసినవ్. మా పెండ్లిల సుత నన్ను గింతసేపు కడగలే."

అందరం నవ్వాం. సరళ కూడా నవ్వింది.

ఎడమ గొట్టం తేలిగ్గానే తెరుచుకుంది. కుడివైపుది మొండికేసింది. నేను ఇనప తీగ తీశాను. అప్పుడు సరళ దగ్గరికొచ్చి, నాన్నగారు అందులో తీగ పెట్టనిచ్చేవారు కాదనీ, సైకిల్ పంపుతో గాలి కొట్టేవారనీ మెల్లగా చెప్పింది. నేను వినిపించుకోనట్టే ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు నేను చూసినవి ఇనప గొట్టాలు. రైలు పెట్టెలో గొట్టం పూడిపోతే తీగ పెట్టి బలంగా పొడుస్తాం, అది తట్టుకుంటుంది. చేతికి ఆ ఒక్క పద్ధతే అలవాటు. ఇది రబ్బరు గొట్టం, పైగా ఎండిపోయిన రబ్బరు. పొడిచాను. లోపల ఎక్కడో ఏదో ఊడినట్టు తీగ ఒక్కసారి వదులై జారింది.

అది నా వేళ్లకు తెలిసింది. ఇది రాయడానికే ఇంత కాలం పట్టింది. నాకు తెలియలేదని ఇంకెవరైనా అనొచ్చు, నేను మాత్రం అనలేను.

మగ్గుడు నీళ్లు పోశాను. గటగటా దిగిపోయాయి. వంగి కారు కిందికి చూశాను. ఎడమవైపు నేల తడిసి ఉంది. కుడివైపు పొడిగా ఉంది. మరి నీళ్లెటు పోయాయి? ఆ ప్రశ్న వేసుకోవలసినవాణ్ని వేసుకోలేదు. ఆమె పక్కనే నిలబడి ఉంది. తీగ వద్దన్న మనిషి ముందు, తీగతో గొట్టం ఊడగొట్టానని చెప్పాలా? అదీ మరదలి ముందు, నర్సింహులు ముందు? లేచి చేతులు తుడుచుకుని, "అయిపోయింది" అన్నాను.

సాయంత్రం ఆమె కారు తీసుకుని లాలాగూడ దాకా వెళ్లి వచ్చింది. పైకప్పు ముందుకు లాగి రెండు కొక్కేలూ బిగించింది. ఒక్కోదాన్ని మళ్లీ లాగి చూసుకుంది. నేను మేడ మీద నుంచి చూశాను. ఇది కూడా రాయాలి. నేను కళ్లారా చూశాను.

రాత్రి వాన కురిసింది. సోమవారం పొద్దున ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని కారు తలుపు తీసింది. అడుగంతా నీళ్లు. సీట్ల వెనకున్న బ్యాటరీ దగ్గర వైర్లు తడిసి బండి కదల్లేదు. ప్రసాదు కేకలేశాడు. నేను కిందికి దిగాను.

"పైకప్పు సరిగా వేశావా?" అని వాడు ఆమెను అడిగాడు.

"వేశానండీ. రెండు కొక్కేలూ బిగించాను."

"బిగిస్తే ఇన్ని నీళ్లెలా వస్తాయి? ఆకాశం నుంచి సరాసరి నీ సీటు కిందికే దిగాయేటి?"

"కుడివైపు గొట్టం ఒకసారి చూడండి. నిన్న..." అని ఆగిపోయింది. నా వైపు చూసింది. మిగతాది నేను చెబుతాననుకుంది.

ప్రసాదు నా వైపు తిరిగాడు. "ఏటన్నయ్యా, నువ్వు బాగుచేశావు కదా?"

"నా పని సరిగానే ఉందిరా. కొక్కెం సరిగా పడకపోతే గొట్టాలేం చేస్తాయి?"

అంతే అన్నాను. మా ఇంట్లో నా మాట మీద ఇంకో మాట లేదు. నాన్న పోయాక ప్రసాదును చదివించింది నేను. గొట్టం చూడాలని వాడికి తోచనే లేదు. అన్నయ్య చెప్పాక చూసేదేముంది?

"ఇంటి ముందున్న కారుకే కొక్కెం వేయడం గుర్తుండదు. ఇంక మాదాపూర్ దాకా ఏం నడుపుతావు? ఎవరినైనా గుద్దేస్తే?" అని చెయ్యి చాపాడు. వాడు దుర్మార్గుడు కాదు, భయస్తుడు. ఆమె తాళంచెవి వాడి చేతిలో పెట్టింది. ఉద్యోగానికి రాలేనని ఫోన్లో చెబుతుంటే మెట్ల మీదున్న నాకు వినిపించింది. ఆ గొంతులో ఏడుపు లేదు. ఉంటే నాకు బాగుండేదేమో.

తర్వాతి వానలకు కారులో చుక్క కూడా పడలేదు. "చూశావా? నేనే బిగించాను, ఎక్కడైనా కారిందా?" అని ప్రసాదు నవ్వుతూనే అనేవాడు. ఎందుకు కారలేదో చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి.

ఆమె మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. కొన్నాళ్లకు కారును రెజిమెంటల్ బజార్‌లో ఎవరికో అమ్మేశారు. వాళ్లు తోసుకుంటూ తీసుకెళ్లారు. ఆమె గుమ్మంలో నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వెళ్లింది. ప్రసాదు పోయి నాలుగేళ్లయింది. వాడికి చెప్పే అవకాశం కూడా పోయింది. ఇదేదో బాధగా రాస్తున్నాను గానీ, వాడు పోయిన రోజున నా మనసులో ఏ మూలో కొంచెం తేలికపడిన సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇంతకంటే నీచంగా మనిషి ఆలోచించగలడా?

ఇప్పుడెందుకు చెబుతున్నాను? ఈ మధ్య సరళ కూతురు కారు కొంది. అమ్మను డ్రైవర్ సీట్లో కూర్చోమని బతిమాలింది. "నీకు తాతయ్య నేర్పారు కదమ్మా, ఒక్కసారి కూర్చో" అంది. సరళ చేతులు వెనక్కి పెట్టుకుని నవ్వింది. "నాకెందుకమ్మా, నేను మతిమరుపు మనిషిని. కొక్కెం వేశానో లేదో తెలియనిదాన్ని" అంది. అది వేళాకోళం కాదు. ఆమె నమ్ముతోంది. గ్యాసు కట్టేసి మళ్లీ వెనక్కి వెళ్లి చూడడం, తాళం వేసి సందు చివరి నుంచి తిరిగి రావడం, ఇవన్నీ నేను ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను. వయసు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. నేను పోగొట్టింది ఒక ఉద్యోగాన్నీ ఒక కారునీ మాత్రమే అనుకుంటూ వచ్చాను. తన చేతుల మీద ఆమెకున్న నమ్మకాన్ని కూడా తీసేశానని ఆ రోజు తెలిసింది.

ఆమెకు చెబుతానా? తెలియదు. ఎనభై దాటినవాడి ఒప్పుకోలు ఎదుటివాళ్ల మీద ఇంకో బరువు మోపడమేనేమో. లేక ఇది కూడా నేను చెప్పుకుంటున్న సాకేనా? క్షమించమని అడగను. అది అడిగితే, మళ్లీ ఆమె చేతే ఏదో ఇప్పించుకున్నట్టవుతుంది.

ఇంకొక్కటి మిగిలింది. ఇదంతా రాస్తున్నది నిజానికి దానికోసమే. ఇక్కడిదాకా రాసినది ఒక పిరికి మాట. ఆ మాట నోరు జారి వచ్చిందని ఎవరైనా దయతలచి అనొచ్చు. మర్నాడు చేసింది మాత్రం అలాంటిది కాదు.

మర్నాడు, మంగళవారం ఉదయం, ప్రసాదు బ్యాంకుకు వెళ్లాక నేను కారు కింద పడుకున్నాను. వెనక చక్రం ముందు నుంచి చెయ్యి పైకి పెట్టి తడిమాను. కుడివైపు గొట్టం కొస ఊడి లోపల వేలాడుతోంది. దాన్ని లాగి, కారు అడుగున ఉన్న చిల్లులోకి తిరిగి దూర్చి, జారిపోకుండా తీగ చుట్టి కట్టేశాను. నీళ్లు పోస్తే కింద నేల తడిసింది. ఆమె చెప్పింది నిజమనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని అలా నా చేతులతోనే చెరిపేశాను. పనిని మాత్రం శ్రద్ధగా చేశాను.

లేచి బట్టలు దులుపుకుంటుంటే సరళ కాఫీ గ్లాసుతో వచ్చింది. నేను కారు కింద ఏం చేస్తున్నానని అడగలేదు. రాత్రంతా నిద్రపోనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావగారూ, ఆలోచిస్తే నాకూ అనుమానంగానే ఉంది. ఒక కొక్కెం వేయలేదేమో. మీరు ఊరికే అనరు కదా."

నేను గ్లాసు అందుకున్నాను.

"ఇక ముందు జాగ్రత్తగా ఉండమ్మా" అన్నాను.