నా బండికి గిటారు మోత

నిరుడు మహబూబాబాద్‌లో వీడియోగేమ్ పోటీ జరిగింది. బైకు నడుపుతూ ప్రత్యర్థిని తన్ని పడేసే ఆట అది. నేను ఇంజిన్ చప్పుడు విని గేరు మార్చేవాణ్ణి. ఆఖరి పందెం మధ్యలో ఆట స్పీకర్లు మూగబోయాయి. నా బండి వెనకబడింది.

"ఏందన్నా, పెట్రోల్ అయిపోయిందా?" అని జనం నవ్వారు.

పోటీ తర్వాత పాడాల్సిన మరిపెడ రాక్ బ్యాండు పక్కనే ఉంది. వాళ్ల గిటారు కుర్రాడు లేచి, "నువ్వు నడుపన్నా, సప్పుడు మేం జేస్తం" అన్నాడు. తెర మీద వేగం చూస్తూ, తమ సొంత స్పీకరులో గిటారుతో నా ఇంజిన్ మోత పలికించాడు. అది విని గేర్లు మారుస్తూ నేను ముందుకొచ్చాను. జనగామ ప్రత్యర్థి ఆటలో వెనక నుంచి నన్ను కొట్టడానికి గొలుసెత్తగానే హెచ్చరికగా వాళ్ల డప్పు మోగింది. వంగి తప్పించుకుని, తన్ని, గెలిచాను.

"గిట్లయితే నాకూ ఓ బ్యాండు గావాలె!" అని ఓడినవాడే పగలబడి నవ్వాడు.

రాక్ సంగీతం గురించి అంతకుముందే గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. అది మనిషి వెన్నుకాస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది.