ముందూ వెనకా ఆలోచించి

మార్కాపురం రిజిస్ట్రారు కచేరీ ఎదుట దస్తావేజులు రాసే ఏసోబు, వీలునామాలో రాయించే మనిషి బుద్ధిని చెప్పే చోట ఖాళీ వదులుతాడు. తక్కిన లేఖరులు అక్కడ కళ్లు మూసుకుని ‘స్థిరచిత్తంతో’ అని రాసేస్తారు. ఏసోబు మాత్రం కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఆ మనిషితో కాసేపు మాట్లాడి, ‘వివేకంతో’ అనో ‘తెలివిడితో’ అనో తగిన మాట ఎంచుతాడు. ఏ మాటా తగకపోతే కాగితాలు తిరిగిచ్చేస్తాడు. మొన్న తర్లుపాడు నుంచి కోడలితో వచ్చిన ముసలి కాశమ్మ, పేరడిగితే పలకలేదు. బుద్ధి నిలకడగా లేదేమోనని ఏసోబుకు అనుమానం వచ్చింది. కోడల్ని దూరంగా పంపి, “చేను ఎవరికి రాయాలవ్వా?” అన్నాడు.

“కోడలికి. కొడుకు పేరున పెడితే అమ్ముకుంటాడు. మనవడి పేరున పెడితే వాళ్ల నాయనే సంతకం పెట్టిచ్చుకుంటాడు. కోడలైతే కంది పండిచ్చి అందరికీ కూడు పెడతది.”

“మరి పేరెందుకు చెప్పలేదవ్వా?”

“ఆధార్ కార్డు చేతిలో పెట్టుకొనే అడిగితివి గదా నాయనా!”

హమ్మయ్య అనుకున్నాడు ఏసోబు. పెన్సిలుతో ‘వివేకంతో’ అని రాసి కొట్టేశాడు. ‘తర్కబద్ధంగా’ అని రాసి అదీ కొట్టేశాడు. చివరికి ‘ముందూ వెనకా ఆలోచించి’ అని రాసి, పైకి చదివి వినిపించాడు.

కాశమ్మ వేలిముద్రకు బొటనవేలు చాచింది.

“ఆ, అది నేనే.”