సగం రేటుకి చేయించిన ఆపరేషన్

నర్సీపట్నంలో కుక్కకి సగం ఆపరేషన్ సగం రేటుకి చేయించిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే. ఇంకెవడైనా ఉంటే రమ్మనండి, శాలువా కప్పుతాను.

మాది స్టీలు సామాన్ల కొట్టు. చెప్పిన రేటు ఇవ్వడం మా ఇంటా వంటా లేదు. మా లాబ్రడార్ సీజర్‌కి ఏడాది నిండినా ఒక వృషణం కిందికి దిగలేదు. రెండూ తీసెయ్యాలి, లోపలిది వెతకాలి గనక ఖర్చెక్కువ అన్నారు డాక్టరు గారు. "కనపడేది తీసెయ్యండి. కనపడనిది దాని మానాన అదుంటుంది. సగం తీసుకోండి" అన్నాను.

"అసలు తియ్యాల్సింది లోపలిదేనండీ" అన్నారాయన.

రేటు నిలబెట్టుకోడానికి అంటున్నారనుకుని, డిగ్రీ లేని మరొకాయన దగ్గర పని కానిచ్చాను. మా ఆవిడ పద్మ, "మీరెప్పుడైనా సగం గెడ్డం గీయించుకుని సగం డబ్బులిచ్చారేటండీ?" అంది. వ్యాపారం తెలీని మనిషని నవ్వాను.

ఆరేళ్ల తరవాత ఒక పొద్దున్న సీజర్ కాలెత్తకుండా ఆడకుక్కలా కూర్చుని ఉచ్చ పోసింది. తరవాత రెండు పక్కలా ఒకేలా జుట్టు రాలింది. చనుమొనలు ఉబ్బాయి. వీధిలో మగకుక్కలు దాని వెంట పడ్డాయి. పక్క కొట్టు అప్పారావు, "గజ్జి బావా, వేపనూనె రాసీ" అన్నాడు. మూణ్ణెల్లు రాశాను. నూనె చవక మరి.

చిగుళ్లు తెల్లబడి, గుమ్మం ఎక్కలేక కూలబడ్డాకగానీ విశాఖ తీసుకెళ్లలేదు. అల్ట్రాసౌండ్, రక్తపరీక్ష అయ్యాక అక్కడి డాక్టరమ్మ చెప్పారు. "లోపల వదిలేసిన టెస్టిస్‌లో ట్యూమర్ ఉంది. అది ఈస్ట్రోజన్, అంటే ఆడ హార్మోన్, తయారుచేస్తోంది. దాంతో రక్తం తయారయ్యే బోన్ మ్యారో దెబ్బతింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఆపరేషన్ చెయ్యకపోతే బతకదు. చేస్తే రక్తం ఆగకపోవచ్చు."

"కొంచెం తగ్గించి..." అంది నా నోరు, దాని పాడలవాటు కొద్దీ.

"ఏది తగ్గించమంటారు? మత్తా, కుట్లా?"

"సంతకం పెట్టండి బేగి" అంది పద్మ.

ముందు రక్తం ఎక్కించారు. ఇచ్చింది ఎవరిదో జర్మన్ షెపర్డ్. దాని యజమాని పైసా పుచ్చుకోలేదు. నాకు బేరమాడే చోటే లేదు. ట్యూమర్ తీశారు. బయాప్సీలో సెర్టోలి సెల్ ట్యూమర్ అని వచ్చింది, ఇంకెక్కడికీ పాకలేదు. హమ్మయ్య అనుకునేలోగా రెండో వారం జ్వరం, రక్తకణాల కౌంట్లు ఇంకా కిందికి. "మ్యారో లేవడానికి వారాలు పడుతుంది. లేవకపోవచ్చు కూడా" అన్నారు డాక్టరమ్మ. నాలుగు రోజులకోసారి విశాఖ వెళ్లొచ్చాం. ఆరో వారం ప్లేట్‌లెట్లు లేచాయి.

ఇప్పుడు సీజర్‌కి జుట్టొచ్చింది. తింటుంది, వీధి చివరిదాకా నడిచి ఆయాసపడుతుంది. మీ కుక్కపిల్లకి ఆరు నెలలు నిండినా ఒకటి దిగకపోతే, చదువుకున్న డాక్టరుకి చూపించి రెండూ తీయించండి. లోపలిది వదిలెయ్యమని ఎవడైనా అంటే వాడు నాలాంటి తెలివైనవాడని గ్రహించండి.

లెక్క ఇదీ. ఆనాడు మిగిల్చింది ఐదు వేలు. ఈనాడు పోయింది డెబ్బై రెండు వేలు. డబ్బు నేను కట్టాను. మిగతాదంతా సీజరే కట్టింది.