కారు కదలని గంటన్నర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్కచోట కుదురుగా కూర్చోలేని వాళ్ళం ఇద్దరమే, నేనూ మా బాబాయీను. నాకది పుట్టుకతో వచ్చిన జబ్బు. బాబాయికి మాత్రం ఆ ఏడాదే పట్టుకుంది. అమలాపురం కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పి ఇంటికి రాగానే, చొక్కా అయినా మార్చకుండా కారు బానెట్ ఎత్తి నిలబడేవాడు. అన్నానికి పిలిస్తే రెండు ముద్దలు తిని మళ్ళీ లేచిపోయేవాడు. కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిట్రా అని నాయనమ్మ విసుక్కునేది.

ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. ముందటేడు పిన్నికి నొప్పులొస్తే, బిడ్డ అడ్డం తిరిగిందనీ కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమనీ మంత్రసాని చెప్పింది. తీసుకెళ్ళారు. బిడ్డ దక్కలేదు. ఇంకో గంట ముందు వచ్చి ఉంటే బతికేదని అక్కడి డాక్టరమ్మ అన్న మాట బాబాయి గుండెలో ముల్లులా దిగిపోయింది. ఇప్పుడు పిన్నికి మళ్ళీ ఏడో నెల. ఈసారి ఆలస్యం కాకూడదు. అందుకని నేరమంతా ఆ చిన్న కారు ఇంజను మీద మోపాడు. మరి అది కోటిపల్లి రేవులో పంటు దిగి గట్టు ఎక్కడానికే ఆయాసపడేది. వంతెన లేని ఆ రోజుల్లో కార్లని కూడా పంటు మీదే గోదావరి దాటించేవారు.

ఇంజనుకి బలం పెంచాలని బాబాయి ఒక నోట్‌బుక్కు పెట్టాడు. ఆయన రాత కోడి కెలికినట్టుండేది కాబట్టి రాసే పని నాది. ఇంజను పైమూత, అదే హెడ్డు, అడుగుభాగం కాస్త చెక్కించి కంప్రెషన్ పెంచాలి, మద్రాసు నుంచి పెద్ద కార్బురేటరు తెప్పించాలి, సైలెన్సరు గొట్టం వెడల్పు చేయించాలి. స్కేలు పెట్టి బొమ్మలు గీసేదాన్ని. నాకు పన్నెండేళ్ళు. ఆ కారు ఒక్కసారైనా బస్సుని దాటితే చూడాలని నా ఆశ. పిన్ని కోసమే అని పైకి అనేదాన్ని గాని, సగం ఆ సరదా కోసమే.

ఆ నోట్‌బుక్కు పట్టుకుని ఇద్దరం కాలవగట్టు మీద మెకానిక్కు షెడ్డుకి వెళ్ళాం. మేస్త్రిగారు వయసు మళ్ళిన మనిషి. ప్రతి పేజీ తిప్పి చూశారు. బొమ్మలు బాగున్నాయని నన్ను మెచ్చుకున్నారు కూడా. తరవాత చేతులు తుడుచుకుంటూ అన్నారు.

"చేసేద్దావండి మేష్టారూ. ఆయ్. కాకపోతే హెడ్డు ఓసారి చెక్కేసేక మళ్ళీ అతికించలేవండి. ఆ రోజు ఎక్కడెక్కడ ఎంతసేపు పట్టిందో ముందు అమ్మాయిగారి చేత రాయించి పట్రండి. బండి కదిలిన కాడ్నించి కాదండీ, అమ్మగారికి నొప్పులొచ్చిన కాడ్నించి."

బాబాయికి అది నచ్చలేదు. దారంతా గొణుగుతూనే ఉన్నాడు. నాకైతే కొత్త పని దొరికింది. ఇంట్లో ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి అడిగాను. నొప్పులు మొదలైంది ఆరింటికని పిన్ని చెప్పింది. ఆరున్నరకే సంచీ డిక్కీలో పెట్టామని అమ్మ చెప్పింది. ఎనిమిదింటికి బయల్దేరామంది. మధ్యలో ఏం చేశారని అడిగితే, నాకు పనుందే అని పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయింది.

సాయంత్రం అరుగు మీద బాబాయికి ఆ పేజీ చదివి వినిపించాను. పంటు కోసం ముప్పావు గంట. అవతలి గట్టు నుంచి కాకినాడకి గంటంబావు. ఇంజను ఎంత బాగుచేసినా ఇక్కడ తగ్గేది పది నిమిషాలని బాబాయి లెక్కే చెప్పింది. ఇంటి ముందు కారు ఊరికే నిలబడింది మాత్రం గంటన్నర. ఎందుకు ఆగాం బాబాయ్ అని అడిగాను.

బాబాయి మొహం మాడిపోయింది. అరుగు రెండో చివర మా తాతయ్య కూర్చుని ఉన్నారు. వేదం చదువుకున్న మనిషి. ముహూర్తాలకి ఎక్కడెక్కడి వాళ్ళో ఆయన దగ్గరకే వచ్చేవారు. బాబాయి గొంతు తగ్గించి, అది అక్కర్లేదు, కొట్టెయ్ అన్నాడు. అన్నీ రాయమన్నారుగా అని నేను పెంకిగా అన్నాను. కలం నా చేతిలోంచి లాక్కోబోయాడు.

తాతయ్య లేచి వచ్చారు. నోట్‌బుక్కు తీసుకుని చాలాసేపు చూశారు. మళ్ళీ నా చేతికిచ్చి అన్నారు.

"కొట్టెయ్యకమ్మా. అక్కడ వర్జ్యం అని రాయి. తాతయ్య ఆపాడని రాయి."

రాశాను. ఏడాదిగా ఆ ఇంట్లో అందరికీ తెలిసి ఎవరూ అనని మాట అది. మంచి ఘడియ కాదని ఆయన ఆపితే, తండ్రికి ఎదురుచెప్పలేక బాబాయి ఆగిపోయాడు. తండ్రిని ఏమీ అనలేకే ఇంజనుని తిడుతున్నాడు. బాబాయి అరుగు స్తంభానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తాతయ్య పక్కనే నిలబడ్డారు.

మర్నాడు మేస్త్రిగారు ఆ పేజీ చూసి, హెడ్డు ముట్టుకోనక్కర్లేదండి అనేశారు. ప్లగ్గులు శుభ్రం చేసి, కొత్త బ్యాటరీ బిగించి, పిలవగానే పలికితే చాలండి అన్నారు. ఆ గంటన్నర సంగతి ఆయనకి ముందే తెలుసని నా అనుమానం. ఊళ్ళో కబుర్లన్నీ చేరేది ఆ షెడ్డుకే.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం పిన్నికి నొప్పులొచ్చాయి. తాతయ్య భోజనం చేస్తున్నారు. విస్తరి ముందు నుంచి ఆయన మధ్యలో లేవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఏమీ చూడక్కర్లేదు, బయల్దేరండి అని ఎంగిలిచేత్తోనే వీధి తలుపు తీశారు. పంటు దగ్గర అరగంట ఆగక తప్పలేదు. గోదారిని ఎవరూ తొందరపెట్టలేరు. అయినా వేళకి చేరారు. ఆడపిల్ల పుట్టింది, కేరుమంటూ.

ఇప్పుడు నాకే మనవలున్నారు. నా పొరపాటు ఎవరైనా ఎత్తి చూపించినప్పుడు, అది కొట్టెయ్ అనే మాట నాకూ నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. ప్రతిసారీ మింగగలిగానని చెప్పను. తన తప్పుని పన్నెండేళ్ళ పిల్ల చేత, తన పేరుతోనే రాయించుకున్న మనిషిని చూశాను కాబట్టి, మింగలేకపోయిన రోజున మాత్రం నాకు నిద్రపట్టదు.