హోజిమత్ నేర్పిన కుంటి దెబ్బ

మర్గిలాన్ పట్నంలో పెళ్లిళ్లకు దోయిరా అనే డప్పు వాయించే హోజిమత్ ఎవరినీ ఊరికే నమ్మే రకం కాదు. ముక్క కోయించి రుచి చూడనిదే పుచ్చకాయ కొనడు. విందులో చేతులు కడుక్కోవడానికి లేచినా ఆ పెద్ద డప్పును చంకలో పెట్టుకునే వెళ్తాడు. తన అరవై రెండేళ్ల బతుకులో దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, అది వేరే సంగతి.

జట్టులో దుతార్, గిజ్జక్ అనే తీగవాద్యాలు వాయించే ఇద్దరూ పని వెతుక్కుంటూ రష్యా వెళ్లిపోయారు. వాళ్ల వంతు ఇప్పుడు కీబోర్డు వాయించే ముక్సిన్ కంప్యూటర్ చూసుకుంటోంది. అయితే దానికి మర్యాద తెలియదు. పెద్దవాళ్లు ఆడటానికి లేస్తే తాళం వాళ్ల కాళ్లను బట్టి నడవాలి, వాళ్లు కూర్చునేదాకా పాట ఆగకూడదు. కంప్యూటరేమో తన దారిన తాను పరిగెత్తేది.

అందుకే ముక్సిన్ చలికాలమంతా కూర్చుని ఆ ప్రోగ్రామ్‌ను మార్చాడు. ఒకరోజు రబ్బరు పలకొకటి తెచ్చి, తీగతో కంప్యూటర్‌కు కలిపి హోజిమత్ ముందు పెట్టాడు. పనిలో గురువంతటివాడని అతన్ని ‘ఉస్తా’ అనే పిలుస్తాడు.

“దీని మీద వాయించండి ఉస్తా. మీ చెయ్యి ఎక్కడ నిదానిస్తుందో తెలిస్తే, అదీ అక్కడే నిదానిస్తుంది. ఇకనుంచి అదే మీ వెనకాల నడుస్తుంది.”

ఇద్దరి చోటునూ మింగిన పెట్టె ఇప్పుడు తన చేతుల కోసం వచ్చిందనుకున్నాడు హోజిమత్. ఇవి కూడా పోతే తనకింకేం మిగులుతుంది? కాదనలేదు. మూడు రోజులు బుద్ధిగా వాయించాడు, తన అసలు చెయ్యి దానికి దొరక్కూడదని ప్రతి ఆరో దెబ్బనూ కావాలనే కాస్త ఆలస్యంగా వేస్తూ. ముక్సిన్ దాన్ని ఉస్తా నడక అనుకుని అలాగే నేర్పించాడు.

ఆ వారం పగటి విందులో తుర్సునోయ్ ఆడటానికి లేచింది. ఆమె హోజిమత్ గురువుగారి భార్య, ఎనభై దాటిన మనిషి. హోజిమత్ తిన్నగా వాయించాడు, కంప్యూటర్ ఆరో దెబ్బ దగ్గర కుంటింది. ఆమె అడుగు తడబడింది. మళ్లీ తడబడింది. పాట ముగియకుండానే ఆమె కూర్చుండిపోయింది.

ముక్సిన్ తప్పంతా తన కంప్యూటర్‌దేనని, ఉస్తా చేతిలో ఏ లోపమూ లేదని అందరి ముందూ చెప్పాడు. వీడు నిందెందుకు నెత్తినేసుకుంటున్నాడు, ఇందులో ఏం మతలబుందని హోజిమత్ వెతికాడు. ఏమీ దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

“వాడి తప్పు కాదమ్మా,” అన్నాడు. “ఆ కుంటి దెబ్బ దానికి నేర్పింది నేనే. కావాలనే నేర్పాను.”

తుర్సునోయ్ ఆయాసపడుతూ అతని వైపు తిరిగింది.

“నువ్వున్నావు కదా అని లేచాను నాయనా,” అంది.

ముక్సిన్ కంప్యూటర్ కట్టేశాడు. హోజిమత్ ఒక్కడే, ఎన్నడూ లేనంత జాగ్రత్తగా మళ్లీ వాయించాడు. ఆమె మాత్రం లేవలేదు.