కిటికీ పక్క సీటు

2016వ సంవత్సరం, మార్చి పదమూడవ తేదీ, ఆదివారం, సాయంకాలం ఐదు గంటలు. మధ్యాహ్నం నుండి విడవక పట్టిన ముసురు అప్పుడే తెరిపి ఇచ్చింది. కిటికీ పైకప్పు అంచు నుండి నీళ్లు ఇంకా బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. మూడవ అంతస్తులోని ఒక చిన్న ఇంట్లో, భోజనాల బల్ల చుట్టూ ఒక కుటుంబం సమావేశమైంది. తేల్చవలసిన విషయం ఒక్కటే: వచ్చే నెల మూడు రోజుల సెలవులకు ఏ కొండలకు వెళ్లాలి?

బల్లకు ఒక కొసన కూర్చున్న పెద్దమనిషి సిటీ బస్సు డ్రైవరు. రైలు స్టేషను నుండి పెద్దాసుపత్రి వరకు పోయే ఏడవ నంబరు బస్సును ఇరవై ఏళ్లకు పైబడి నడుపుతున్నందువల్ల, డిపోలోనే గాక బంధువర్గంలో కూడ ఆయనకు ‘ఏడో నంబరు’ అన్న పేరు స్థిరపడింది. మితభాషి. హారను కూడ అవసరానికి మించి కొట్టడని డిపోలో చెప్పుకుంటారు. ఆయనకెదురుగా ఆయన భార్య, కర్టెన్ల దుకాణంలో కుట్టుపని చేసే మనిషి, ఆదివారమైనా సూది చేత బట్టుకొనే కూర్చుంది. ఆమె పక్కన ఆమె తల్లి. ఆ పక్కన, చేతిలో ఫోనుతో, కాలేజీలో చదివే కూతురు. నిలబడి మాట్లాడుతున్నవాడు బావమరిది. టైర్ల దుకాణంలో అమ్మకాలు చూసే ఇతనికి, నోరు కదిలితే చేతులూ కాళ్లూ కదలవలసిందే.

“బావగారూ, కళ్లు మూసుకుని సరస్సుల పార్కు అనేయండి. రోడ్డు అద్దంలా ఉంటుంది. కొండ కొస దాకా అద్దె వ్యాను మనమే తీసుకుపోవచ్చు. మీరు అలా గేరు మారుస్తూ ఉంటే మేము ఇలా చూస్తూ ఉంటాం!”

“ఎక్కడికైనా నాకు ఒకటేరా,” అన్నది అత్తగారు. “బండి మాత్రం అల్లుడు నడపాలి. నీ చేతికిస్తే మళ్లీ మురుక్కాలవే.”

“అమ్మా, అది జరిగి ఎన్నేళ్లయింది! ఇంకా మర్చిపోవా?”

“నా నడుము మర్చిపోనివ్వడం లేదు.”

కొడుకు ఒకసారి బండిని మురుగుకాలవలో దించిన తరువాత ఆమె, అల్లుడు స్టీరింగు పట్టని బండి ఎక్కనని ఒట్టు పెట్టుకొన్నది. నాటి నుండి బంధువుల పెళ్లికైనా, కంటి ఆసుపత్రికైనా ఆయనే సారథి. ఆ నమ్మకాన్ని ఆయన పతకం వలె గుండెకు తగిలించుకొని తిరుగుతున్నాడు. అసలు చిక్కంతా అక్కడే ఉన్నది.

ఎందుకనగా, ఆయన మనసులో ఒక కోరిక ఏళ్ల తరబడి గూడు కట్టుకొని ఉంది. ఏడవ నంబరు బస్సు దారిలో నది మీద ఒక పొడుగాటి వంతెన వస్తుంది. బస్సు దాని మీదికి ఎక్కగానే ప్రయాణికుల తలలన్నీ ఒక్క పెట్టున ఒకే వైపు తిరుగుతాయి. నిద్రపోయేవారు లేస్తారు, తగాదా పడేవారు ఆగుతారు. తలపైని అద్దంలో ఆ ముఖాలు విచ్చుకోవడం ఆయనకు కనబడుతుంది. అవి దేనిని చూసి విచ్చుకొన్నవో అది మాత్రం కనబడదు. ఒకనాడు వరద, ఒకనాడు కొంగల బారు, ఒకనాడు ఇంద్రధనుస్సు. వెనుక నుండి చెవిన పడిన మాటలను బట్టి ఊహించుకోవలసిందే. కళ్లలో వత్తులు వేసుకొని రోడ్డు చూడడం ఆయన వృత్తి. సొంతవాళ్లతో విహారానికి పోయినా అదే వరస. “అదిగో! అదిగో!” అని వెనుక సీట్లలో గోల లేస్తుంది, ఆయన తల తిప్పబోతే, “నాన్నా, నువ్వు రోడ్డు చూడు!” అని కూతురే కసురుతుంది. లోకంలోని అందమైన చోట్లన్నీ ఆయన జ్ఞాపకంలో తారు, తెల్లగీత, ముందు పోయే లారీ వెనుక తలుపు.

ఒక్కసారి కిటికీ పక్కన కూర్చోవాలి. ఏదో ఒకటి అందరికంటే ముందు తానే చూసి, “అదిగో” అనాలి. కోరిక ఇంతే. కాని స్టీరింగు నాకొద్దని డ్రైవరైనవాడు ఏ నోటితో అంటాడు? అత్తగారి ముఖం ఎట్లా చూస్తాడు? మింగలేక, కక్కలేక ఉన్న ఆయనకు, క్రిందటి వారమే డిపోలో టీ తాగే వేళ ఒక శుభవార్త చెవిన బడింది. మంచుకొండల పార్కులో గేటు దాటిన తరువాత సొంత బండ్లను రానివ్వరట. కొండ మీదికి పార్కువారి చిన్న బస్సులోనే పోవాలట. ఆనాడు ఆయన టీ సగమే తాగి, గ్లాసు బల్ల మీద మరిచి, ఈల వేస్తూ బస్సెక్కాడు.

“సరస్సుల పార్కు వద్దు,” అన్నాడు డ్రైవరు.

అందరూ ఆయన వైపు తిరిగారు. సమావేశాలలో ఆయన నోరు తెరవడం బిస్కట్టు కోసమే.

“సరస్సంటే ఏముంది? నీళ్లు. అవి మన కుళాయిలోనూ వస్తాయి. మంచుకొండల పార్కుకు పోదాం. లోయ ఉంది. జలపాతం ఉంది. కొండమేకలు కూడా ఉంటాయట.”

“కొండమేకలా?” బావమరిది పకపకా నవ్వాడు. “అక్కా, బావగారికి మేకల మీద ఈ ప్రేమ ఎప్పటినుంచి?”

“నాకేం తెలుసురా? నాతో మేకల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.”

ఫోనులో వెదుకుతున్న కూతురు తలెత్తింది. “మామయ్యా, ఇక్కడో మెలిక ఉంది. గేటు దగ్గర మన వ్యాను ఆపేయాలట. అక్కణ్నుంచి పార్కు బస్సే.”

“అలాగా? అయ్యయ్యో!” అన్నాడు డ్రైవరు.

జన్మకంతటికీ ఆయన ఆడిన నాటకం అదొక్కటే; అదీ చక్కగా కుదరలేదు. భార్య దారం కొరకబోయి ఆగి, ఆయన ముఖం వైపు ఒక క్షణం నిదానించి చూసింది.

అత్తగారు ఒంటికాలి మీద లేచింది. “ముక్కూ మొహం తెలియనివాడి బండిలో కొండెక్కాలా? నేను గేటు దగ్గరే కూర్చుంటాను. మీరు పోయి మేకల్ని చూసి రండి.”

“రోజూ ఆ దారిలో తిరిగేవాళ్లు అత్తయ్యా, నాకంటే బాగా నడుపుతారు.”

“నీకంటేనా? ఆ మాట మాత్రం నా దగ్గర అనకు.”

ఆయన పట్టిన పట్టు విడువలేదు. ఆవిడకు మెత్తని దిండు తెస్తానన్నాడు, ముందు వరుసలో చోటు ఇప్పిస్తానన్నాడు, దగ్గరే కూర్చుంటానన్నాడు. ఎన్నడూ ఏమీ అడగని అల్లుడు ఇంతగా అడిగేసరికి ఆమె మెత్తబడి, “సరేలే, నీ మేకల కోసం ఒప్పుకుంటున్నాను,” అన్నది.

ఆనాటి నుండి ఆయన కాలు నేల మీద నిలువలేదు. డిపో మెకానిక్కు దగ్గర పాత దుర్భిణి అరువు తెచ్చి, దాని అద్దాలను బనీను గుడ్డతో తుడిచి తుడిచి, ఎదురింటి మేడ మీద ఆరవేసిన తువ్వాళ్లను పరిశీలించాడు. పార్కు కార్యాలయానికి ఫోను చేసి, కొండ ఎక్కేటప్పుడు లోయ ఏ వైపుకు వస్తుందని విచారించాడు.

“ఎక్కేటప్పుడు ఎడమ వైపండీ, దిగేటప్పుడు కుడి,” అన్నది అవతలి గొంతు. “ఎందుకండీ, లోయంటే భయమా?”

“లేదమ్మా. భయం కాదు,” అని ఫోను పెట్టేసి, ఆ గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుపడ్డాడు.

భార్య దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలతో అత్తగారికి దిండు కుట్టింది. కూతురు బూట్లు కొన్నది. బావమరిది ఆ ప్రాంతపు వాతావరణం గురించి పూటకొక వార్త తెచ్చి, వాన కోట్లు కొనిపించి, ఎండ టోపీలూ కొనిపించాడు. ఇల్లంతా పెళ్లివారి విడిది వలె సందడిగా ఉంది. రాత్రి పడుకోబోయే ముందు డ్రైవరు తన ఎడమ భుజాన్ని గోడకు ఆనించి కూర్చుని, కిటికీ పక్క సీటు ఎట్లా ఉంటుందో చూసుకునేవాడు.

ప్రయాణానికి నాలుగు రోజులుందనగా బావమరిది మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, చేతిలో ఒక కాగితం ఊపుతూ లోపలికి దూసుకువచ్చాడు.

“బావగారూ, నోరు తీపి చేయండి ముందు! పర్మిట్టు సంపాదించాను! పెద్ద బండ్ల లైసెన్సు ఉండి, ఒక్క యాక్సిడెంటు కూడా లేనివాళ్లకు పార్కులోకి సొంత బండి తెచ్చుకోనిస్తారట. వ్యాను అద్దెకని మీరిచ్చిన లైసెన్సు కాపీ పంపించాను. వాళ్లు చూసి ఎగిరి గంతేశారు. కొండ కొస దాకా మీరే బావగారూ, మీరే!”

కూతురు చప్పట్లు కొట్టింది. అత్తగారు రెండు చేతులూ పైకెత్తి, “బతికించావురా! పుట్టిన ఇన్నాళ్లకు ఒక్క పని బాగా చేశావు,” అన్నది.

డ్రైవరు కాగితం వైపు తల ఊపాడు. “మంచిదే,” అన్నాడు. కొంత సేపటికి, “పాలు తెస్తాను,” అని చెప్పులు వేసుకొన్నాడు.

“పాలు పొద్దునే తెచ్చారుగా,” అన్నది భార్య.

ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. ఆమె కుట్టుపని పక్కన పెట్టింది.

“ఏమండీ, ఇటు రండి. ఆ రోజు ‘అయ్యయ్యో’ అన్నారు చూడండి, అప్పట్నుంచీ చూస్తున్నాను. మీకు బాధేసిన మొహం నాకు తెలియదా? ఆ రోజు మీ మొహం బాధేసింది కాదు. ఈ రోజుది బాధేసింది. ఏం కావాలో చెప్పండి.”

ఆయన చెప్పులు విప్పి మళ్లీ వేసుకొన్నాడు. చివరకు, పరీక్షలో తప్పిన పిల్లవాని వలె తల వంచి అన్నాడు:

“గేటు దాకా నేనే నడుపుతాను. దాటాక మాత్రం నడపను. నాకు కిటికీ పక్కన కూర్చోవాలనుంది.”

“మీరందరూ అదిగో అదిగో అంటారు. అదేమిటో నేనెప్పుడూ చూడలేదు,” అన్నాడు. “వంతెన మీద కూడా అంతే. వాళ్ల మొహాలే చూశాను.”

కూతురి చప్పట్ల చేతులు ఒడిలోకి జారాయి. “రోడ్డు చూడు” అన్న మాట ఎన్నిసార్లు అన్నదో జ్ఞాపకం వచ్చి నాలుక కరుచుకొన్నది. బావమరిది కాగితాన్ని ఒకసారి తాను చూసి, ఒకసారి బావగారి వైపు చూసి, “అయితే మేకలు?” అన్నాడు.

“మేకలు ఉన్నా సరే, లేకపోయినా సరే.”

ఇక మిగిలింది అత్తగారు. ఆమె చాలాసేపు అల్లుణ్ని ఎగాదిగా చూసింది.

“ముందే చెప్పొచ్చుగా బాబూ. నేనేమన్నా పులినా?”

“మీరు నా బండి తప్ప ఎక్కనన్నారు కదా అత్తయ్యా.”

“అన్నాను. నువ్వు నా పక్కనుంటే ఎవడు నడిపితే నాకేం? వాడు తప్పు నడిపితే నువ్వు అరుస్తావు, నువ్వు అరవకపోతే నేనరుస్తాను.” ఆమె దిండును ఒళ్లోకి లాక్కొని సర్దుకొన్నది. “అయితే ఒకటి. కిటికీ పక్క సీటు నాది.”

“అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. కిటికీ తప్ప ఇంకేదైనా అడగండి!”

ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గట్టి గొంతు అది. ముందుగా నవ్వింది అత్తగారే. తరువాత నవ్వనివారు లేరు. బావమరిది పర్మిట్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుదురు లేని భోజనాల బల్ల కాలి కింద దోపాడు.

నిర్ణయించిన నాడు, తెల్లవారి ఎండ కొండల భుజాల మీద పడే వేళకు, వ్యాను గేటు దగ్గర ఆగింది. డ్రైవరు తాళంచెవి తీసి బావమరిది చేతిలో పెట్టి, వెనుదిరిగి చూడకుండా పార్కు బస్సెక్కి, ఎడమ వైపు ముందు వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలింది. ప్రతి మలుపులోనూ ఆయన కుడికాలు తనకు తెలియకుండానే నేలను అదిమింది. “బ్రేకు అక్కడ లేదు అల్లుడూ,” అని పక్క నుండి అత్తగారు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకొన్నది. భయం ఎవరిదో చెప్పడం కష్టం.

అయిదవ మలుపో, ఆరవదో తిరిగేసరికి పొగమంచు తెర పక్కకు తొలగింది. లోయకు అవతల, నిట్టనిలువు రాతిగోడ మీద, అడుగు మోపడానికి చోటే లేనట్టున్న చోట, తెల్లగా ఏదో కదిలింది. ఒకటి కాదు, ఒక బారు.

“అదిగో!” అని ఆయన లేచి నిలబడ్డాడు.

బస్సులోని తలలన్నీ ఆయన వేలు చూపిన వైపు తిరిగాయి.

వారు మూడవ నాడు సాయంకాలానికి క్షేమంగా ఇల్లు చేరారు. డ్రైవరు ఆ తరువాత మూడేళ్లు అదే బస్సు నడిపి, ఉద్యోగ విరమణ చేశాడు. ఇప్పటికీ వారానికొకసారి టిక్కెట్టు కొనుక్కొని ఏడవ నంబరు బస్సెక్కి, నది వైపు కిటికీ పక్కన కూర్చొని ఆసుపత్రి దాకా పోయి, దిగకుండా తిరిగి వస్తాడు. అత్తగారు ఇప్పుడు ఎవరి బండి అయినా ఎక్కుతుంది. దిగిన తరువాత నడిపినవాని తప్పులు వరుసగా చెబుతుంది. కూతురు కారు నడపడం నేర్చుకొన్నది. ఎవరు పక్కకు చూడమన్నా రోడ్డు నుండి చూపు తిప్పదు. బావమరిది సరస్సుల పార్కుకు పోదామని ఇంకా అంటూనే ఉన్నాడు. దుర్భిణి మెకానిక్కుకు తిరిగి చేరింది. పర్మిట్టు బల్ల కాలి కిందే ఉంది.