ఆపరేటరు గారి తెలుపు

ఆ సినిమా పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు ఎక్కడున్నా వెతికి డిస్కు కొంటారు. కొంటే తప్పు రంగుల్లో చూస్తారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, ఉన్నది చాలు.

సత్యానందం గారు రాజోలులో మా సినిమా హాలుకి ఆపరేటరు. నేను త్రిమూర్తుల్ని, గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాణ్ణి. ఆయన పైన ప్రొజెక్టరు గదిలో, నేను కింద మెట్ల దగ్గర. మధ్యలో ఇరవై రెండు మెట్లే గానీ, ఇద్దరి హోదాకీ మధ్య గోదావరంత దూరం ఉందని ఆయన గట్టి నమ్మకం. నమ్మితే నమ్మారు. ఆ పనిలో ఆయన్ని మించినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. అప్పట్లో ప్రొజెక్టరులో బల్బు ఉండేది కాదు. రెండు కార్బను పుల్లల్ని దగ్గరికి చేరిస్తే వాటి మధ్య మంట లేచేది, ఆ వెలుగే తెర మీద పడేది. పుల్లలు కాలుతున్నకొద్దీ ముందుకి జరుపుతూ ఉండాలి. ఆపరేటరు బీడీ కాల్చుకుంటూ ఏమరిచాడా, తెర కాసేపు పచ్చబడుతుంది, కాసేపు పాలిపోతుంది. ఈయన చేతిలో ఆట మొదటి నుంచి చివరిదాకా తెలుపు తెలుపే. ఆ తెలుపు తెలిసినవాడికి మిగతా రంగులన్నీ వాటంతటవే తెలుస్తాయి అనేవారు. రెండో ఆట వదిలి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. అలాంటివాడికి పిల్లనెవరిస్తారు? రెండు సంబంధాలు వచ్చి వెనక్కిపోయాయి, మూడోది రాలేదు.

ఎనభై ఆరు వరదలో ఆ సినిమా మా హాల్లో చిక్కుకుపోయింది. కాలేజీ లెక్చరర్లు నలుగురైదుగురు చందాలేసుకుని ఆదివారం పొద్దుటి ఆటకి అలాంటి సినిమాలు తెప్పించేవారు. పాటలుండవు, ఫైట్లుండవు, జనమూ ఉండరు. రీళ్ళ బాక్సు దిగిన మర్నాడే గట్లు తెగాయి. ఊళ్ళకి ఊళ్ళు నీళ్ళలో ఉంటే సినిమా ఎవడు చూస్తాడు? నీళ్ళు తీశాక కూడా బాక్సు కోసం ఎవరూ రాలేదు. నష్టపోయిన సినిమా కోసం పడవెక్కి వచ్చే వెర్రివాడెవడు? నలభై రోజులు అది మా దగ్గరే ఉంది. మిషను తుప్పు పడుతుందని ఓనరు గారికి చెప్పి, జనరేటరు వేయించి, సత్యానందం గారు రోజూ ఓ ఆట తనకోసమే వేసుకునేవారు. నేను కుర్చీల్లో కాళ్ళు చాపుకుని చూడబోయి ప్రతిసారీ నిద్రపోయేవాణ్ణి.

కథంటారా, ఏముంది? రేవులో పడవ నడిపేవాడి పెళ్ళాం. రోజూ పొద్దున్నే రేవు మెట్టు మీద కూర్చుని ముఖానికి పసుపు రాసుకుంటుంది, మొగుడు పడవ వేసుకుని వెళ్తాడు. అలా ఎన్నో పొద్దులు. చివర ఒక పొద్దున్న ఆవిడ అదే మెట్టు మీదకి వస్తుంది, ముఖాన పసుపు ఉండదు. మొగుడు పోయాడని ఎవరూ చెప్పరు. ఏడుపు లేదు, శవం లేదు. ఆ ముఖం చూసి మనమే తెలుసుకోవాలి. నలభై రోజులు ఆ ముఖం చూశారాయన. మరే ఆడమనిషి ముఖమూ ఆయనకి అంతగా తెలియదు. ఎగతాళికి అనడం లేదు, నిజమే చెబుతున్నాను.

హాలు మూసేశారు, కల్యాణ మండపం కట్టేరు. నేను మలికిపురంలో కొబ్బరికాయల కొట్టులో చేరాను. కాయని చెవి దగ్గర మోగించి మంచిదో చెడ్డదో వేరు చెయ్యడం నా పని. ఆయన మాత్రం ఇంట్లోనే హాలు కట్టుకున్నారు. కిటికీలకి నల్లగుడ్డలు, గోడకి పెద్ద టీవీ, దాని ముందు ఒకే ఒక్క కుర్చీ. గల్ఫు నుంచి వచ్చేవాళ్ళందరూ ఇళ్ళకి సెంట్లు తెస్తుంటే ఈయన డిస్కులు తెప్పించుకునేవారు, ఏవేవో దేశాల పాత సినిమాలు. కథ కోసం కాదు, డిస్కు ఎలా చేశారో చూడ్డానికి. నలుపు నిజంగా నలుపేనా, బూడిదా? మనిషి చర్మం చర్మంలా ఉందా? ఫిల్ముకి సన్నటి నూకలాంటి గరుకు ఉంటుందట. శుభ్రం చేస్తున్నామంటూ దాన్ని కూడా తుడిచేసి మనుషుల్ని మైనపుబొమ్మలు చేస్తున్నారని ఎవరో ఆయన సొమ్ము కాజేసినట్టు మండిపడేవారు. నోటుపుస్తకంలో వందకి ఇన్ని మార్కులని వేసి, కారణాలతో సహా ఆ కంపెనీలకి ఉత్తరాలు రాసేవారు. పాతికేళ్ళలో ఒక్కదానికీ జవాబు లేదు. ఎవరూ చూడని సినిమాల మీద ఎవరూ అడగని తీర్పులు. ఎవడి పిచ్చి వాడికానందం అని నవ్వుకునేవాణ్ణి గానీ, ఆ ఒంటి కుర్చీ చూస్తే నవ్వు రాదు. నేను వెళ్తే వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుని కూర్చోవాలి.

ఆ ఉత్తరాల్లో ఒకటి, వరదప్పటి నలభై రోజుల సంగతి రాసింది, చివరికి ఎవరో చదివినట్టున్నారు. మూడేళ్ళ కిందట చెన్నై నుంచి అనిల్ కుమార్ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ళది పాత సినిమాలు బాగుచేసి డిస్కులుగా వేసే చిన్న కంపెనీ. మన రేవు సినిమాకి మంచి ప్రింటు ఒకటి దొరికిందట. దాన్నిబట్టి రంగులు కట్టేరట గానీ, పాత ప్రింటు కదా, రంగు మారిందేమోనని అనుమానం. డైరెక్టరు లేరు, కెమెరా పట్టినాయన లేరు. అసలు రంగు తెలిసినవాళ్ళు ఇప్పుడు మీరొక్కరేనండి, మీరు చూసి ఎలా ఉండాలో చెబితే అలాగే వేసేస్తాం అన్నాడు. వారంలో వాళ్ళ డిస్కు రాగానే సత్యానందం గారు నన్ను రమ్మని ఫోన్ చేశారు.

నేను వెళ్ళేసరికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని పరీక్షకి కూర్చునేవాడిలా ఉన్నారు. ఆ పంచె చూపించి, మూడు సబ్బులు మార్చినా తెల్లబడి చావడం లేదని విసుక్కున్నారు. చూస్తే మల్లెపువ్వులా ఉంది. చాదస్తం ముదిరిందనుకుని ఊరుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

కంపెనీవాళ్ళు పంపిన చెక్ డిస్కు పెట్టారు. బొమ్మ కింద ఓ వారగా ఆయన పేరు, పరిశీలన కోసం మాత్రమే అన్న మాట, ఆట పొడుగునా కదలకుండా ఉన్నాయి. ఎవరూ దొంగకాపీలు తియ్యకుండా అలా వేస్తారట. తెర మీద తన పేరు చూసుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. మొదటి సీను వచ్చింది. ఆవిడ మెట్టు మీద కూర్చుని పసుపు రాసుకుంటోంది. ఆయన ముఖం చిట్లించారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. తెల్లకాగితం ఒకటి టీవీ పక్కన పట్టుకుని చూశారు. పసుప్పచ్చగా కొట్టేస్తోంది, ఇది పాతబడ్డ ప్రింటు రంగు, ఈ పచ్చదనం మొత్తం లాగెయ్యమని రాయి అన్నారు. ఫోన్లో చిన్న అక్షరాలు ఆనడం లేదని టైపు కొట్టే పని నాకు పెట్టారు.

నేను రాయలేదు. "పసుపు రాసుకున్న ముఖం కదండి. నాకు సరిగ్గానే కనపడతందండి" అన్నాను.

"టిక్కెట్లు చింపే చేతికి రంగులేం తెలుస్తాయి? చెప్పింది రాయి" అన్నారు.

ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా నేను మోగించి పక్కన పెట్టిన కాయని ఇంకెవడూ మళ్ళీ మోగించి చూడలేదు. నాకు తెలియదట. మా అమ్మ ముఖాన, మా ఆవిడ ముఖాన రోజూ చూసే పసుపు నాకు తెలియదట! నీ సినిమా, నీ రంగు, నీ ఖర్మ అనుకుని, చెప్పింది చెప్పినట్టు కొట్టాను. పంపే ముందు ఆయన ఒకసారి నా వైపు చూశారు. ఏమన్నా అంటానేమోనని ఆగినట్టే అనిపించింది. నేను ఏమీ అనలేదు. పంపేశాను.

ఆర్నెల్లకి డిస్కు వచ్చింది. దాంతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో, ఈ చిత్రం అసలు రంగుల్ని తన జ్ఞాపకంలో నుంచి తీసి మాకిచ్చిన రాజోలు సత్యానందం గారికి కృతజ్ఞతలు అని అచ్చువేశారు. ఆయన డిస్కుకి తొంభై ఆరు మార్కులు వేశారు. అంతవరకూ డెబ్బై దాటి ఎవరికీ వెయ్యలేదు. మండపేట వైపు వెళ్ళే మనిషితో కాజాలు తెప్పించి నాకు పెట్టారు. నేను తిన్నాను, సిగ్గు లేకుండా రెండు తిన్నాను.

కిందటేడు ఆయనకి చూపు మరీ మందగించింది. అమలాపురంలో కళ్ళ డాక్టరు గారు చూసి, రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయేయి, ఇన్నేళ్ళు ఎలా ఊరుకున్నారు అన్నారు. ముందు కుడి కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పిన రోజున నాకు ఫోన్ చేసి, పంచె తెల్లగా ఉంది త్రిమూర్తులూ అన్నారు. నేను పకపకా నవ్వేను. ఆయన నవ్వలేదు, ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత కబురు లేదు. నేను చేసినా ఎత్తలేదు. నలభై రోజులు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నారు. వెళ్ళేసరికి కుర్చీలు రెండున్నాయి. రెండోది ఎప్పుడు తెచ్చారో ఏమో. కూర్చోమని, కంపెనీ డిస్కు పెట్టారు. మొదట్లో కొన్నాళ్ళు అంతా నీలంగా కనపడుతుంది, సర్దుకుంటుంది అని డాక్టరు చెప్పారట. ఆకులు సర్దుకున్నాయి, ఆకాశం సర్దుకుంది, ఈవిడ సర్దుకోలేదు అన్నారు. నేనూ చూశాను. మనిషిని నీలిమందులో ముంచి ఆరేసినట్టుంది. రేవు మెట్టు మీద కూర్చుని పసుపు రాసుకుంటోంది. చెయ్యి ముఖం మీద తిరుగుతోంది గానీ ముఖానికి పసుపు అంటడం లేదు. మొదటి పొద్దు నుంచీ చివరి పొద్దుదాకా అదే పాలిపోయిన ముఖం. ఇక చివర్లో ఏం పోయిందని తెలుస్తుంది?

"మొగుడు బతికుండగానే ఆవిడ ముఖాన పసుపు తుడిచేశాను త్రిమూర్తులూ" అన్నారు.

ఎడమ కంటిలో ఇంకా శుక్లం ఉంది, ఆ పొరలోంచి చూస్తే తెలుపు కూడా పసుప్పచ్చగానే ఉంటుందట. కుడి కన్ను మూసి ఎడమ కంటితో, ఎడమ కన్ను మూసి కుడి కంటితో నలభై రోజులు అదే పనిగా చూశారట. ఒక కంటికి తను చెప్పింది నిజం, రెండో కంటికి అబద్ధం. అనిల్ కుమార్‌కి నా ఎదురుగానే ఫోన్ చేసి, తప్పు నాదే బాబూ, నా కంటిదే, మీరు ముందు కట్టిందే అసలు రంగు అని అంతా విడమర్చి చెప్పారు. ఆ అబ్బాయి మర్యాదస్తుడే. మీరు ఊరికే కంగారు పడుతున్నారండి, అందరూ రంగుల్నే మెచ్చుకుంటున్నారు, మొదటి సీను నుంచే విషాదం కమ్ముకున్నట్టుందని పెద్ద పెద్దవాళ్ళు రాశారు అన్నాడు. డిస్కులన్నీ అమ్ముడయ్యాయట. మళ్ళీ ఎప్పుడైనా వేస్తే చూద్దామండి అన్నాడు. ఎప్పుడైనా అంటే ఎప్పుడని ఈయన అడగలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం! లోకంలో ఎవరికీ ఆ తప్పు కనపడలేదు. ఆయనకి కనపడింది. నాకు ముందే కనపడింది. ఇక దాచుకుని ఏం చేసుకోను? చెప్పేశాను. ఆ రోజు నాకు సరిగ్గానే కనపడిందండి, మీరన్న మాటకి ఉడుక్కుని, మీరు నా వైపు చూసినప్పుడు కావాలనే నోరు మూసుకున్నాను అన్నాను. తిడతారని కాచుక్కూర్చున్నాను. తిట్టినా బాగుండేది.

ఆయన లేచి కంపెనీ డిస్కు తీసేసి, పాత చెక్ డిస్కు పెట్టారు. ఆ సినిమా అసలు రంగుల్లో ఇప్పుడు బయట ఉన్నది ఇదొక్కటే, కింద ఆయన పేరుతో సహా. ఆ పేరు చెరిపే దారి లేదు. రేవు వచ్చింది, మెట్లు వచ్చాయి, ఆవిడ వచ్చి కూర్చుంది. ఆయన కుడి కన్ను ఇప్పుడు శుభ్రంగా ఉంది. అయినా తెర వైపు చూడ్డం లేదు, నా వైపు చూస్తున్నారు.

"పసుపుందా?" అని అడిగారు.

"ఆయ్, ఉందండి" అన్నాను.

రేవు వచ్చిన ప్రతిసారీ అడిగారు, ప్రతిసారీ చెప్పాను. హాల్లో పనిచేసినన్నాళ్ళూ ఆ మనిషి నన్ను టైమెంతయిందని కూడా అడిగి ఎరగరు. నేను ఈసారి నిద్రపోలేదు. చివరి పొద్దు వచ్చింది. ఆవిడ మెట్లు దిగి, రోజూ కూర్చునే మెట్టు మీద కూర్చుని, ముఖం ఎత్తింది.

"ఇప్పుడు?" అన్నారు.

ఎనభై ఆరులో నలభై రోజులూ నేను నిద్రపోయింది ఈ ముఖం ముందరే.

"లేదండి" అన్నాను.

"అయితే వాడు పోయాడన్నమాట" అని, అప్పుడు తెర వైపు తిరిగారు. కండువా కళ్ళ దాకా ఎత్తి, ఆపరేషనయిన కన్ను రుద్దకూడదని గుర్తొచ్చినట్టుంది, దించేసి అలాగే చూస్తూ కూర్చున్నారు.